రక్తపరీక్షలో 19 రకాలు "పడవు" అని వచ్చింది, ఆరేళ్ల బాబుకి ఇంక ఏం పెట్టను?

బెజవాడ_లక్ష్మి
మూడు నెలలుగా మా బాబుకి ఒంటి మీద దద్దుర్లు. సాయంత్రం పొట్ట మీద లేస్తాయి, తెల్లారేసరికి ఆనవాలు ఉండదు, మళ్లీ తొడల మీద కనబడతాయి. తెలిసినవాళ్లు చెబితే ల్యాబు వాళ్లని ఇంటికి పిలిపించి అలర్జీ ప్యానెల్ చేయించాం. డాక్టరు రాసింది కాదు, మేమే చేయించాం. ఏడు వేల చిల్లర అయింది. పది పేజీల రిపోర్టు, అందులో 19 ఎర్రరంగులో ఉన్నాయి. ఆవుపాలు, గుడ్డు తెల్లసొన, గోధుమ, కందిపప్పు, శనగలు, వేరుశనగ, వంకాయ, టమాటా, కొబ్బరి, నువ్వులు, జీడిపప్పు, అరటి, ఇంకా ఏవేవో. బియ్యం కూడా! మొత్తం ఐజీఈ (అలర్జీకి సంబంధించిన యాంటీబాడీ అట) 640 అని రాశారు.
ఐదు వారాలుగా అన్నీ మానిపించేశాను. రాగిజావ, జొన్నరొట్టె, యాపిల్ ముక్కలు, అంతే. 20 కిలోలు ఉండేవాడు పద్దెనిమిదిన్నరకి దిగాడు. దద్దుర్లు మాత్రం తగ్గలేదు. మిగతా పిల్లలు క్యారేజీలు విప్పితే వీడు లేచి పక్కకి వెళ్లి కూర్చుంటున్నాడని టీచరు ఫోన్ చేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరికైనా ఇలా జరిగిందా?

వరంగల్_వాణి
బియ్యం పడదని ఎట్ల వస్తదక్కా? పొద్దుమాపు తినేదే అది. టెస్టుకు ముందు ఇవన్నీ తిన్నడా? తిన్నంక ఎన్నడన్న ఏమన్న అయిందా?

బెజవాడ_లక్ష్మి
వాణి గారూ, అన్నీ తినేవాడండీ. రోజూ పాలు, పెరుగన్నం, వారంలో నాలుగు గుడ్లు. పల్లీచిక్కీ అంటే ప్రాణం. ఏమీ అయ్యేది కాదు.

రొయ్యలచెరువు_భీమవరం
రిపోర్టుని తేలిగ్గా తీసుకోకండమ్మా. నా అనుభవం చెప్తాను. పుట్టినప్పటి నుంచీ రొయ్యలు తింటున్నవాడిని, 38 ఏళ్ల వయసులో ఒకరోజు రొయ్యల ఇగురు తిన్న పావుగంటకి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. అరచేతులు మంట, ముఖం వాపు. రెండోసారి ఇంకా గట్టిగా వచ్చింది, ఆసుపత్రిలో ఇంజెక్షన్ చేస్తేగానీ ఊపిరి ఆడలేదు. తర్వాత రక్తపరీక్షలో రొయ్య క్లాసు 4 అని వచ్చింది. ఆ కాగితమే నన్ను బతికించిందని నమ్ముతాను. వ్యాపారమే రొయ్యలది, ఇప్పుడు చెరువు గట్టు మీద నిలబడతాను గానీ నోట పెట్టను.

వరంగల్_వాణి
అన్నా, నీకు రెండుసార్లు ముందే అయింది, తర్వాత టెస్టు చేసిండ్రు. వీళ్ల బాబుకు తిన్నా ఏం కాలే, టెస్టే ముందు వచ్చింది. రెండూ ఒకటెట్లయితయ్?

రొయ్యలచెరువు_భీమవరం
అదీ నిజమే. మా డాక్టరు రొయ్య ఒక్కదానికే రాశారు, 200 రకాలకి రాయలేదు. చేపలు ఇప్పటికీ తింటున్నాను, ఏం కాదు.

సీరం_శీను
14 ఏళ్లుగా ల్యాబులో పని చేస్తున్నాను. మీ రక్తం మా దగ్గరికి వచ్చాక ఏం జరుగుతుందో చెప్తాను, దాంతో సగం భయం పోతుంది.
పాలలోనో గుడ్డులోనో ఉన్న ప్రొటీన్‌ని ఒక చిన్న స్పాంజి లాంటి దాని మీద ముందే అంటించి ఉంచుతారు. దాని మీద మీ సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే పలచటి ద్రవం, పోస్తాం. ఆ ప్రొటీన్‌ని పట్టుకునే ఐజీఈ మీ సీరంలో ఉంటే అతుక్కుంటుంది, మిగతాది కడిగేస్తాం. తర్వాత ఐజీఈని పట్టుకునే ఇంకో యాంటీబాడీ వేస్తాం, దానికి వెలుగునిచ్చే రంగు వచ్చే ఏర్పాటు ఉంటుంది. వెలుగు ఎంత ఎక్కువైతే అంకె అంత ఎక్కువ. 0.35 దాటితే క్లాసు 1, 0.7 దాటితే 2, 3.5 దాటితే 3, 17.5 దాటితే 4, 50 దాటితే 5, 100 దాటితే 6.
మిషను చెప్పేది ఇంతే: ఈ రక్తంలో పాలని గుర్తుపట్టే ఐజీఈ ఇంత ఉంది. పాలు తాగితే ఆ పిల్లాడికి దద్దుర్లు వస్తాయా రావా అన్నది మిషనుకి తెలియదు. తెలిసే దారి కూడా లేదు, అది పిల్లాడిని చూడలేదు కదా.
ఇంకో మాట. ఇంటింటికీ వచ్చి చేసే ప్యానెళ్లలో చాలావరకు ఒకే పట్టీ మీద పదుల రకాలు గీతలుగా వేసి ఉంటాయి. మొక్కల ప్రొటీన్ల మీద ఉండే చక్కెర గొలుసులని పట్టుకునే ఐజీఈ కొందరి రక్తంలో ఉంటుంది. దానివల్ల ఒంటికి దాదాపు ఏ హానీ ఉండదు. కానీ అది ఉంటే గోధుమ, టమాటా, వంకాయ, నువ్వులు, బియ్యం అన్నీ వరసగా కాస్త కాస్త పాజిటివ్ చూపిస్తాయి. లక్ష్మి గారి జాబితా చూస్తే నాకు అదే అనుమానం. మీ 19లో ఎన్ని క్లాసు 1, 2? ఎన్ని అంతకంటే ఎక్కువ?

బెజవాడ_లక్ష్మి
ఇప్పుడే రిపోర్టు తీసి చూశాను. 17 క్లాసు 1 లేదా 2. జీడిపప్పు క్లాసు 3. ఇంకొకటి తిండి కాదు, ఇంటి దుమ్ములో పురుగు అట, అది క్లాసు 4. తిండి కాదు కదా అని దాన్ని పట్టించుకోలేదు.

పాత_మాస్టారు_తెనాలి
శీను చెప్పిన ఐజీఈ ఎలా బయటపడిందో చెప్పాలనిపిస్తోంది, ముప్పై ఏళ్లు జీవశాస్త్రం పాఠం చెప్పినవాణ్ని. 1921లో జర్మనీలో ఇద్దరు డాక్టర్లు, ప్రాస్నిట్జ్, కుస్ట్‌నర్. కుస్ట్‌నర్‌కి వండిన చేప పడదు. ఆయన సీరం కొంచెం ప్రాస్నిట్జ్ తన పొట్ట చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అదే చోట చేప సారం ఎక్కిస్తే దద్దురు లేచింది! చేప పడని గుణం రక్తంలోంచి ఇంకొకరి చర్మంలోకి వెళ్లిందన్నమాట. ఆ గుణం ఏమిటో తెలియడానికి ఇంకో 45 ఏళ్లు పట్టింది. అమెరికాలో పనిచేసిన జపాన్ దంపతులు ఇషిజాకాలు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ వేరువేరుగా కనిపెట్టారు. 1968లో దానికి ఐజీఈ అని పేరు పెట్టారు. రక్తంలో దాన్ని కొలిచే పరీక్ష కూడా ఆ రోజుల్లోనే వచ్చింది.
చూడండి, అక్కడ కూడా చేప తింటే పడదని కుస్ట్‌నర్‌కి ముందే తెలుసు. తెలిసినదానికి కారణం వెతికారు.

తెల్లకోటు_కర్నూలు
పిల్లల డాక్టర్ని. మీ డాక్టరు చూడాల్సింది చూడాలి, నేను రాసేది దానికి బదులు కాదు. అయినా కొన్ని చెప్పకుండా ఉండలేను, బాబు బరువు తగ్గడం చూస్తే బాధగా ఉంది.
దద్దుర్లు ఆరు వారాలు దాటి రోజూ వచ్చిపోతుంటే దానికి తిండి కారణం కావడం చాలా అరుదు. తిండి వల్ల వచ్చేది తిన్న నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో వస్తుంది. అదే తిండి తిన్న ప్రతిసారీ వస్తుంది. మీవాడు పాలు, గుడ్లు రోజూ తింటూ బాగున్నాడు. ఇప్పుడు మానేసినా దద్దుర్లు వస్తున్నాయి. దీనికంటే పెద్ద పరీక్ష ఏముంది చెప్పండి.
బెంగళూరు, మైసూరుల్లో పెద్దవాళ్ల మీద ఒక అధ్యయనం చేశారు. 24 రకాల తిండి పదార్థాలకి రక్తంలో ఐజీఈ చూస్తే 26.5 శాతం మందికి ఏదో ఒకదానికి పాజిటివ్ వచ్చింది. తిన్నప్పుడు నిజంగా ఇబ్బంది కూడా ఉన్నవాళ్లు 1.2 శాతమే. అంటే పాజిటివ్ వచ్చిన నూరు మందిలో ఓ తొంభై అయిదు మంది హాయిగా తింటున్నవాళ్లే.
మొత్తం ఐజీఈ 640 చూసి కూడా హడలిపోకండి. తుమ్ములు, ఉబ్బసం, తామర (ఎగ్జిమా), కడుపులో ఏలికపాములు, వీటిలో ఏది ఉన్నా అది పెరుగుతుంది. స్కూల్లో ఫిబ్రవరి, ఆగస్టుల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేశారా?
ఒక్కటి మాత్రం బాగా గుర్తు చేసుకుని చెప్పండి. ఎప్పుడైనా, ఒక్కసారైనా సరే, ఏదైనా తిన్న గంటలోపు పెదవి వాపు, వాంతి, దగ్గు, పిల్లాడు వాలిపోవడం లాంటిది జరిగిందా? జీడిపప్పు క్లాసు 3 అన్నారు, అందుకే అడుగుతున్నాను.

అమ్మమ్మ_చేతివంట
ఎవరేమన్నా అనండి తల్లీ, దద్దుర్లున్నప్పుడు వంకాయ, గోంగూర, గుడ్డు, చేప పెట్టకూడదు. మా అత్తగారి కాలం నుంచీ అదే పథ్యం. మిషను ఇప్పుడు చెప్పింది, మేం ఎప్పుడో చెప్పాం.

వరంగల్_వాణి
అమ్మమ్మా, రెండు దినాలు వంకాయ మానితే ఎవ్వరికీ నష్టం లేదు. కందిపప్పు, పాలు, గుడ్డు, అన్నం ఐదు వారాలు మానితే పిల్లగాడేం తిని బతకాలె?

అమ్మమ్మ_చేతివంట
అన్నం మానమని నేను ఏనాడూ అనలేదమ్మా. పథ్యంలో కూడా చారన్నం, మజ్జిగ అన్నం ఉంటాయి. పిల్లాడి కడుపు మాడ్చడం పథ్యం కాదు.

తెల్లకోటు_కర్నూలు
అమ్మమ్మ గారి మాటతో నాకు పేచీ లేదు. వంకాయతో నోరు దురద పెట్టేవాళ్లు మన దగ్గర నిజంగానే ఉన్నారు, మైసూరులో దాని మీద ప్రత్యేకంగా పరిశోధన చేశారు. దురద పెట్టినవాళ్లు మానాలి. పెట్టనివాడికి మానిపించడం దేనికి?

హైదరాబాద్_హర్ష
నాది వేరే కేసు. జిమ్ ట్రైనర్ చెప్తే 220 ఫుడ్స్‌కి టెస్ట్ చేయించా, 18 వేలు. పాలు, గోధుమ, బాదం, పెరుగు రెడ్‌లో వచ్చినయ్. మానేసిన, కడుపుబ్బరం చాలా తగ్గింది. కాబట్టి టెస్టులన్నీ వేస్ట్ అంటే ఒప్పుకోను.

సీరం_శీను
హర్షా, రిపోర్టు మీద ఐజీఈ అని ఉందా, ఐజీజీ అని ఉందా?

హైదరాబాద్_హర్ష
ఐజీజీ4 అని ఉందన్నా.

సీరం_శీను
అయితే తమ్ముడూ, అది అలర్జీ పరీక్షే కాదు. ఐజీజీ వేరే రకం యాంటీబాడీ, ఐజీజీ4 దాంట్లో ఒక రకం. నువ్వు తరచూ తినే తిండికి ఒంట్లో ఐజీజీ తయారవడం మామూలు సంగతి. ఐజీజీ4 పెరిగిందంటే ఒళ్లు ఆ తిండికి అలవాటు పడిందనే లెక్క. నీ ఎర్రజాబితా చూసుకో, రోజూ తినేవే ఉంటాయి. యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే ఈ పరీక్ష తిండి అలర్జీకి పనికిరాదని రాతపూర్వకంగా చెప్పింది, తర్వాత అమెరికా, కెనడా సంఘాలు అదే మాటన్నాయి. మేం ల్యాబులో చేస్తున్నాం కదా అంటావేమో. చేయమని పంపితే చేస్తాం, ఆ మాట చెప్పడానికి నాకు బాధే.

హైదరాబాద్_హర్ష
మరి ఉబ్బరం ఎందుకు తగ్గింది?

తెల్లకోటు_కర్నూలు
పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగకపోవచ్చు. మన పెద్దవాళ్లలో అది చాలా మామూలు, అలర్జీతో సంబంధం లేదు. పాలు మాత్రం మానేసి పెరుగు, బాదం మళ్లీ తిని చూడండి. గోధుమ తింటే నిజంగా ఇబ్బందైతే దానికి సీలియాక్ జబ్బు (గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు) పరీక్ష వేరే ఉంది, అది కూడా రక్తపరీక్షే, కానీ గోధుమ తింటూ ఉండగా చేయించుకోవాలి. మానేశాక చేయిస్తే తప్పుగా నెగటివ్ రావచ్చు.

హైదరాబాద్_హర్ష
సరే, పెరుగుతో మొదలుపెడతా. ఏడాదైంది పెరుగన్నం తినక.

బెజవాడ_లక్ష్మి
డాక్టరు గారూ, మీరు అడిగింది చదివి మా అత్తగారితో కూర్చుని గుర్తు చేసుకున్నాం. నిరుడు వేసవిలో మా మరిది పెళ్లి. అక్కడ కాజూ బర్ఫీ తిన్నాడు. పది నిమిషాలకి పెదవి ఉబ్బింది, రెండుసార్లు కక్కాడు, గొంతు గరగరమంటోందన్నాడు. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగించి పడుకోబెట్టాం. ఆ తర్వాత నుంచి పాయసంలో జీడిపప్పు వస్తే ఏరి కంచం అంచున పెడుతున్నాడు. మారాం అనుకుని కోప్పడ్డాను. ఒకసారి చేత్తో నోట్లో పెట్టబోతే ఏడ్చాడు కూడా. వాడికి తెలిసింది, నాకు తెలియలేదు.

తెల్లకోటు_కర్నూలు
అమ్మా, మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోకండి. ఇప్పుడు మాత్రం జీడిపప్పు, పిస్తా రెండూ పూర్తిగా ఆపేయండి, ఆ రెంటి ప్రొటీన్లు దాదాపు ఒకటే. ఇంట్లో "చూద్దాం" అని ఒక్క పలుకు కూడా పెట్టొద్దు. జరిగిన కథకీ కాగితం మీది అంకెకీ పొత్తు కుదిరింది ఈ ఒక్కచోటే. ఈ వారమే అలర్జీ చూసే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. అన్నం, పప్పు, కూరలు ఇవాళే మొదలుపెట్టండి. పాలు, గుడ్డు, గోధుమ ఐదు వారాలు మానేశారు కాబట్టి ఆ డాక్టరు ముందు మొదలుపెట్టడం మంచిది.

రొయ్యలచెరువు_భీమవరం
చదువుతుంటే ఒళ్లు జలదరించింది. నాకు మొదటిసారి వచ్చినప్పుడు నేనూ గ్యాస్ అనుకున్నాను.

కరోలినా_కృష్ణ
నార్త్ కరోలినాలో ఉంటాను. రక్తపరీక్ష లేకపోతే ఎప్పటికీ తెలియని కేసు నాది. రెండేళ్ల కిందట శనివారం రాత్రి 9కి మటన్ బిర్యానీ తిన్నాను, ఒంటిగంటకి అరికాళ్ల దురదతో మెలకువ వచ్చింది, ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు తిరిగి బాత్రూంలో పడ్డాను. నాలుగు గంటల కిందటి తిండిని ఎవరు అనుమానిస్తారు? పడుకునే ముందు తాగిన పాలు అనుకున్నాం, దుప్పటి సబ్బు అనుకున్నాం. మూడోసారి వచ్చాక ఒక డాక్టరు అడిగారు, "పేలు లాంటి పురుగేమైనా కుట్టిందా?" అని. వేసవిలో ట్రెకింగ్‌కి వెళ్లినప్పుడు చీలమండ దగ్గర ఒక గోమారి పట్టుకుని ఉంటే పీకేశాను. ఇక్కడి లోన్ స్టార్ అనే గోమారి కుడితే ఆల్ఫా-గాల్ అనే చక్కెరకి ఐజీఈ తయారవుతుందట. మేక, గొర్రె, ఆవు, పంది మాంసాల్లో అది ఉంటుంది, కోడిలో, చేపలో ఉండదు. మాంసం తిన్న మూడు నుంచి ఆరు గంటలకి బయటపడుతుంది. రక్తపరీక్షలో దాని ఒక్కదానికే చూశారు, 30 దాటింది.
ఇప్పుడు కోడి బిర్యానీయే. మా అమ్మ మటన్ వండినప్పుడు ఫోన్లో చూపించడం కూడా మానేసింది.

అమ్మమ్మ_చేతివంట
అయ్యో నాయనా. నాటుకోడి పులుసు ఎలా పెట్టుకోవాలో రాస్తాను, మటన్ గుర్తుకు రాదు.

పత్తిచేను_ఆదోని
మా నాయనకి దీనికి తిరగబడిన కథ. పదేండ్లు ముఖం, మెడ, మోచేతుల మడతలు నల్లబడి చర్మం దబ్బలా అయిపాయె. రక్తపరీక్ష రెండుసార్లు చేపిచ్చినాం, ఏమీ లేదన్నారు. చలికాలం తగ్గి మళ్లా లేస్తాండె. చివరికి ఒక చర్మం డాక్టరు వీపు మీద రకరకాల పదార్థాలు పెట్టిన పట్టీలు అంటిచ్చి రెండు దినాలు ఉంచి తీసినాడు. వయ్యారిభామ ఉన్న చోట ఎర్రగా పొంగింది. గట్ల మీద అంతా అదే కదా మొక్క. దీన్ని ఐజీఈ చెయ్యదంట, తెల్లకణాలే నేరుగా చేస్తాయంట, అందుకే రక్తంలో దొరకదు. తలకి వేసే నల్లరంగుతో వచ్చే కురుపులూ ఇదే జాతి అన్నాడు. ఇప్పుడు నాయన చేను కాడికి పోయేటప్పుడు నిండు చేతుల చొక్కా, తలగుడ్డ వేస్తాడు. గట్ల మీద పూత రాకముందే మేమే పీకేస్తాం, చేతులకి తొడుగులు వేసుకొని.

నెల్లూరు_నీరజ
మా పాపకి రెండు నెలలప్పుడు విరేచనంలో రక్తపు చారలు. పాల అలర్జీ పరీక్ష నెగటివ్, "పాలు కారణం కాదు" అన్నారు మొదట చూసినవాళ్లు. రెండో డాక్టరు, "పేగుల్లో వచ్చే పాల అలర్జీ ఐజీఈ వల్ల కాదు, పరీక్షలో రాదు, మీరు పాలు మానేసి పాపకి మీ పాలే ఇవ్వండి" అన్నారు. పది రోజుల్లో రక్తం ఆగింది. ఏడాది దాటాక మళ్లీ పాలు పెట్టించారు, ఇప్పుడు గ్లాసు గ్లాసు తాగుతోంది. నెగటివ్ వచ్చినా అంతటితో అయిపోయినట్టు కాదండీ.

వరంగల్_వాణి
చర్మం మీద గుచ్చి చూసే టెస్టు మంచిదా, రక్తపరీక్షనా? మా చెల్లెకు తుమ్ములు ఎక్కువ.

సీరం_శీను
ముక్కు అలర్జీకి చర్మపరీక్ష త్వరగా, చవగ్గా అవుతుంది. 15, 20 నిమిషాల్లో పొంగు కొలుస్తారు, 3 మిల్లీమీటర్లు దాటితే పాజిటివ్. కాకపోతే సెట్రిజిన్ లాంటి మాత్రలు దాదాపు వారం ముందే ఆపాలి. ఆపలేనివాళ్లకి, ఒళ్లంతా తామర ఉన్నవాళ్లకి, గీరితే చాలు దద్దురు లేచేవాళ్లకి రక్తపరీక్ష నయం. మాత్రలు వేసుకుంటున్నా రక్తపరీక్షకి తేడా రాదు. ప్రాణం మీదికి వచ్చినంత గట్టిగా అలర్జీ వచ్చి ఉంటే మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి చేయించాలి, వెంటనే చేస్తే అంకె తక్కువ చూపించొచ్చు.

బెజవాడ_లక్ష్మి
మూడు వారాల తర్వాత వస్తున్నాను, మీ అందరికీ చెప్పాలని.
డాక్టరమ్మ గారు రిపోర్టు చూడటానికి ముందు ముప్పావుగంట ప్రశ్నలే అడిగారు. ఎప్పుడు, ఎంత తిన్నాడు, ఎన్ని నిమిషాలకి, మళ్లీ ఎప్పుడు తిన్నాడు. తర్వాత ఒక్క జీడిపప్పుకే మళ్లీ రక్తం తీశారు, దానిలోని ఒక ప్రొటీన్‌కి విడిగా. అది కూడా గట్టిగా పాజిటివ్ వచ్చింది. జీడిపప్పు, పిస్తా జీవితంలోంచి తీసేయమన్నారు. ఆపదలో ఇవ్వడానికి అడ్రినలిన్ మందు, సిరంజి రాసిచ్చి, తొడ పక్కన కండలోకి ఎలా గుచ్చాలో నాకూ మా ఆయనకీ నారింజకాయ మీద చేయించి చూపించారు. మొదటిసారి నా చెయ్యి వణికింది. నాలుగోసారికి కుదిరింది.
పాలు, గుడ్డు అక్కడే కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా పెట్టారు, రెండు గంటలు చూశారు, ఏమీ కాలేదు. గోధుమ కూడా మొదలైంది. దద్దుర్లు తిండివి కావన్నారు, రోజూ నిద్ర ఎక్కువ పట్టని మాత్ర ఒకటి ఇచ్చారు. పది రోజులుగా రెండుసార్లే వచ్చాయి. పొద్దున్నే వాడికి వచ్చే తుమ్ములకి ఆ దుమ్ము పురుగే కారణం. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతుకుతున్నాం, బొంత తీసేశాం.
నిన్న రాత్రి పెరుగన్నం రెండోసారి అడిగాడు.

అమ్మమ్మ_చేతివంట
కళ్లనీళ్లు వచ్చాయి తల్లీ.

వరంగల్_వాణి
మామిడిపండు కూడ జీడి జాతేనంట కదా? అది కూడ మానాల్నా?

తెల్లకోటు_కర్నూలు
జాతి ఒకటే. కానీ ఇబ్బంది జీడి గింజలోని ప్రొటీన్‌తో. బాబు ఇన్నేళ్లుగా మామిడిపండు తింటూ బాగుంటే ఆపక్కర్లేదు.

పలాస_జీడితోట
మా ఇంట్లో జీడిపప్పు పనే. అందుకే ఈ మాట చెప్పాలి. కనబడే పలుకులు ఏరేయడం సులువు, కనబడనివే ప్రమాదం. హోటళ్లలో పనీర్ కూరలు, కుర్మాల చిక్కదనం చాలావరకు జీడిపప్పు ముద్దదే. పెళ్లి భోజనాల్లో చక్రపొంగలి, ఉప్మా, రవ్వకేసరి అన్నిటా పోపులో పడుతుంది. ఐస్‌క్రీం, బిస్కెట్లు, మిఠాయి కొట్లో ఒకే గరిటె. బాదం హల్వా అని అమ్మేదాంట్లో కూడా జీడిపిండి కలిపేవాళ్లున్నారు. వంటవాణ్ని అడిగేటప్పుడు "జీడిపప్పు వేశారా" అనొద్దు, పైన వేసింది మాత్రమే చెప్తాడు. "ముద్ద నూరి కలిపారా, నేతిలో వేయించారా, ఆ నెయ్యే దీనికి వాడారా" అని అడగండి.

బెజవాడ_లక్ష్మి
ఆ నెయ్యి సంగతి నాకు అసలు తట్టలేదండీ. స్కూలుకి ఇచ్చే కాగితంలో ఇది కూడా రాస్తాను. వచ్చే నెల ఇంకో పెళ్లి ఉంది, వాడి క్యారేజీ ఇంటి నుంచే తీసుకెళ్తాం.